"పవర్డ్" హబ్ అని కొంటే పాట మధ్యలో అన్నీ ఆరిపోతున్నాయి. ఏ హబ్ తీసుకోవాలి?

తాళం_తప్పినోడు
ల్యాప్‌టాప్ మోయలేక ఈ ఏడాది మొత్తం సెటప్‌ని ట్యాబ్ మీదకి మార్చాను. టైప్-సి ఐప్యాడ్, రెండు ఇన్‌పుట్ల ఆడియో ఇంటర్‌ఫేస్ (మైకు సౌండుని ట్యాబ్‌లోకి పంపే డబ్బా), 49 కీల మిడి కీబోర్డు (తను మోగదు, ఏ కీ నొక్కామో ట్యాబ్‌కి చెప్తుంది), రంగురంగుల లైట్లు మెరిసే డ్రమ్ ప్యాడ్. వీటన్నిటినీ ట్యాబ్‌కి ఉన్న ఒక్క రంధ్రంలో కలపడానికి ఒక యూఎస్‌బీ హబ్. డబ్బా మీద "పవర్డ్" అని ఇంత లావు అక్షరాలు. ఇంట్లో ప్రాక్టీసుకి బాగానే ఉంటుంది. కండెన్సర్ మైకు పెట్టి ఆ మైకుకి కరెంటు పంపే ఫాంటమ్ స్విచ్ వేస్తే మాత్రం రెండు మూడు నిమిషాల్లో ఇంటర్‌ఫేస్ దీపం ఆరిపోయి మళ్లీ వెలుగుతుంది. మొన్న షోలో అయితే రెండో చరణంలో అన్నీ ఒకేసారి మాయం. కీబోర్డు లేదు, మైకు లేదు. చివరగా నొక్కిన నోటు ఒక్కటే ట్యాబ్ స్పీకర్‌లో సన్నగా మోగుతూనే ఉంది, ఆగదే! జనం అదేదో ఎఫెక్ట్ అనుకున్నారు, బతికిపోయా.

ఏడు పోర్టులది కొనాలా, పది పోర్టులదా? యూఎస్‌బీ 3 తీసుకుంటే ఈ గోల పోతుందా? వాడుతున్నవాళ్లు చెప్పండి.

వైర్ల_పుట్ట
డబ్బా మీద అక్షరాలు వదిలెయ్. అడాప్టరు మీద ఏం రాసుందో చదువు. ఎన్ని ఆంప్స్?

తాళం_తప్పినోడు
అడాప్టరు రాలేదు అన్నా. పక్కన "పీడీ" (పవర్ డెలివరీ, చార్జింగ్‌కి) అని ఒక టైప్-సి రంధ్రం ఉంది. అందులో ట్యాబ్ చార్జరు పెడుతున్నా.

వైర్ల_పుట్ట
దొరికాడు దొంగ.

మూడో_ఆక్టేవ్
అంత తొందరొద్దు. నాదీ అలాంటిదే, రెండేళ్ల నుంచి వాడుతున్నా. ఇంటర్‌ఫేస్, 25 కీల బుల్లి కీబోర్డు. ఒక్కసారి కూడా ఆగలేదు. వైరు చూసుకో ముందు.

ఓల్టు_బాబాయ్
ఆక్టేవ్ చెప్పిందీ నిజమే, తాళం బాధా నిజమే. ఎందుకో చెప్తాను, కాస్త పొడుగవుతుంది.

"పవర్డ్" అనే ఒక్క మాట కింద రెండు రకాల వస్తువులు అమ్ముతున్నారు. మొదటి రకం హబ్‌కి సొంత అడాప్టరు ఉంటుంది, గోడలోంచి కరెంటు తీసుకుని పోర్టులకి పంచుతుంది. రెండో రకం నీ దగ్గరున్నది. చార్జరు నుంచి వచ్చేదాంట్లో కొంచెం తన కోసం పక్కన పెట్టుకుని, మిగతాదంతా ట్యాబ్ బ్యాటరీకి పంపుతుంది. అది పుట్టిందే ట్యాబ్‌ని చార్జ్ చెయ్యడానికి. మౌసు, పెన్ డ్రైవ్ లాంటివాటికి ఆ కొంచెం సరిపోతుంది. ఎంత పక్కన పెడుతుందో చాలావాటి మీద రాయరు. ఆ కొంచెంలోంచే నీ మూడు వస్తువులూ తినాలి.

యూఎస్‌బీ 2 లెక్కలో ఒక పోర్టు 5 వోల్టుల దగ్గర 500 మిల్లీ ఆంప్స్ ఇవ్వాలి. యూఎస్‌బీ 3 అయితే 900. అసలు సొంత కరెంటే లేని హబ్ అయితే పోర్టుకి 100 మాత్రమే. రెండు ఇన్‌పుట్ల ఇంటర్‌ఫేస్‌లు చాలావరకు ఆ 500 గీత పక్కనే కూర్చుంటాయి. ఇక ఫాంటమ్ అంటే 48 వోల్టులు. నీ 5 వోల్టుల్ని లోపలే ఎత్తి 48 చెయ్యాలి. మైకుకి 10 మిల్లీ ఆంప్స్ దాకా ఇవ్వొచ్చని నియమం, అంటే దాదాపు అర వాట్. ఎత్తేటప్పుడు పోయే నష్టం కలిపితే యూఎస్‌బీ వైపు నుంచి 120 మిల్లీ ఆంప్స్ దాకా అదనంగా లాగొచ్చు. చాలా మైకులు ఆ 10 పూర్తిగా తినవు, 3, 4 దగ్గరే ఆగుతాయి. కానీ గీత మీద ఉన్నవాడిని తొయ్యడానికి ఎంత బలం కావాలి?

ఆక్టేవ్ బుల్లి కీబోర్డుకి ఆ పక్కన పెట్టింది సరిపోయింది. తాళం ప్యాడ్ లైట్లకి సరిపోలేదు. అంతే తేడా.

తాళం_తప్పినోడు
అంటే లైట్లు కూడా కరెంటు తింటాయా? నేను ఫుల్లుగా పెట్టుకుంటా, స్టేజి మీద అందంగా ఉంటుందని 😅

వైర్ల_పుట్ట
అందానికి బిల్లు వచ్చింది బ్రో.

శృతిపెట్టె
ఆ ఆగని నోటు సంగతి ఎవరూ పట్టించుకోలేదు. కీ నొక్కినప్పుడు ఒక మెసేజ్, వదిలినప్పుడు ఇంకో మెసేజ్ వెళ్తుంది. నీ కీబోర్డు నొక్కిన కబురు చేరవేసి, వదిలిన కబురు చెప్పేలోపు పోయింది. పాపం యాప్ ఇంకా ఎదురుచూస్తోంది. చాలా యాప్‌లలో మోగుతున్న నోట్లన్నీ ఆపే "పానిక్" బటన్ ఉండేది దీనికే.

తాళం_తప్పినోడు
పానిక్ అయింది నేను. బటన్ ఎక్కడుందో ఎవడికి గుర్తు.

రాత్రి_రికార్డింగ్
పది పోర్టులది ఎందుకు? నువ్వు పెట్టేవి మూడు. నాకు ఒకసారి ఏడు పోర్టుల హబ్ తగిలింది, దాని అడాప్టరు 5 వోల్టులు 2 ఆంప్స్. ఏడుతో భాగించు, పోర్టుకి 285 మిల్లీ ఆంప్స్. పోర్టులు పెరిగితే కరెంటు పెరగదు, వాటాదారులు పెరుగుతారు. నాలుగు పోర్టులు, 5 వోల్టులు 3 ఆంప్స్ అయితే నీకు పుష్కలం.

బేస్_బావ
కొన్ని హబ్‌లలో ఒకటి రెండు పోర్టులు చార్జింగుకి మాత్రమే. డేటా ఉండదు. నేను వాటిలో కీబోర్డు పెట్టి గంటసేపు యాప్‌ని తిట్టాను. దీపం మాత్రం చక్కగా వెలుగుతోంది మరి.

డేటా_దాసు
యూఎస్‌బీ 3 అడిగారు కదా, ఎవరూ జవాబివ్వలేదు. అక్కర్లేదు. 24 బిట్, 48 కిలోహెర్ట్జ్, రెండు చానళ్లు అంటే సెకనుకి 2.3 మెగాబిట్లు. యూఎస్‌బీ 2 దారి వెడల్పు 480. మిడి అయితే లెక్కలోకే రాదు. పైగా యూఎస్‌బీ 3 హబ్ కడుపులో విడిగా ఒక యూఎస్‌బీ 2 హబ్ ఉంటుంది, మీ పాత వస్తువులన్నీ వెళ్లేది దాంట్లోంచే. నీలం రంగు పోర్టు చూసి మురిసిపోనక్కర్లేదు.

మూడో_ఆక్టేవ్
ఇంకొకటి. యూఎస్‌బీ 3 లింకు నడుస్తుంటే 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర రేడియో రొద వస్తుంది. ఇంటెల్ వాళ్లే 2012లో దీని మీద ఒక పేపర్ వేశారు. బ్లూటూత్ మిడి, వైర్‌లెస్ మౌస్ రిసీవర్ హబ్‌కి ఆనించి పెట్టేవాళ్లు కాస్త దూరం జరపండి.

కీస్_కుమారి
మీరు ఎన్ని లెక్కలు చెప్పినా నాకు యూఎస్‌బీ 3 హబ్‌కి మారాకే టిక్ టిక్ శబ్దాలు పోయాయి. నా అనుభవం నాది.

డేటా_దాసు
పోయి ఉంటాయండి, కాదనను. కారణం మాత్రం స్పీడు కాకపోవచ్చు. మిడి కీబోర్డులు, ప్యాడ్‌లు ఎక్కువగా 12 మెగాబిట్ల పాత వేగంలో మాట్లాడతాయి. ఆ మాటని 480 వేగంలోకి మార్చే దుబాసీ ఒకడు హబ్‌లో ఉంటాడు, ట్రాన్సాక్షన్ ట్రాన్స్‌లేటర్ అంటారు, పొట్టిగా టీటీ. చవక హబ్‌లలో అన్ని పోర్టులకీ కలిపి ఒక్కడే. మంచివాటిలో పోర్టుకొకడు. 12 వేగంతో నడిచే ఆడియో వస్తువూ, నాలుగు కంట్రోలర్లూ ఒకే దుబాసీ మీద పడితే నలిగిపోతాడు. మీ కొత్త హబ్‌లో పోర్టుకొకడు ఉండి ఉంటాడు. కొనేముందు "మల్టీ టీటీ" అన్న మాట స్పెసిఫికేషన్లలో వెతకండి.

కీస్_కుమారి
లేదా దాని అడాప్టరు పెద్దది. లేదా వైరు మంచిది. సరే, ఏదో ఒకటి. నేను దాన్ని మార్చను.

డేటా_దాసు
మార్చమని ఎవరన్నారు 🙏 పని చేస్తున్నదాన్ని కదపకూడదు.

పాత_కేబుల్
మీరంతా ఒకటి మర్చిపోయారు. సొంత అడాప్టరు హబ్ కొంటే పోర్టులకి కరెంటు వస్తుంది, సరే. కానీ అది ట్యాబ్‌ని చార్జ్ చెయ్యదు! ట్యాబ్‌కి ఉన్నది ఒకే రంధ్రం. అందులో హబ్ పెడితే చార్జరు ఎక్కడ పెడతాడు? మూడు గంటల షో, స్క్రీన్ ఫుల్ వెలుతురులో, సింథ్ యాప్‌లు నడుస్తుంటే?

తాళం_తప్పినోడు
ఇది నిజంగానే ఆలోచించలేదు. అందుకే కదా ఆ పీడీ దిక్కుమాలినది కొన్నది.

ఓల్టు_బాబాయ్
రెండూ కలిపి వాడుకోవాలి నాయనా. ట్యాబ్‌కి ఒక చిన్న పీడీ అడాప్టర్, ఒక యూఎస్‌బీ-ఎ పోర్టు, ఒక చార్జింగ్ రంధ్రం ఉన్నది. ఆ యూఎస్‌బీ-ఎ పోర్టులో సొంత కరెంటు ఉన్న హబ్. వాద్యాలన్నీ ఆ రెండో హబ్‌లో. చిన్నది ట్యాబ్ కడుపు చూసుకుంటుంది, పెద్దది మిగతావాళ్లని. నీ దగ్గరున్న హబ్‌నే మొదటిదిగా వాడు, పారెయ్యొద్దు. హబ్ వెనక హబ్ పెట్టొచ్చా అని అడుగుతావు. పెట్టొచ్చు, నియమం ప్రకారం ఐదు దాకా.

పాత లైట్నింగ్ రంధ్రం ఫోన్లవాళ్లకీ ఇదే పద్ధతి. ఆపిల్ కెమెరా అడాప్టర్లలో (లైట్నింగ్‌ని యూఎస్‌బీగా మార్చేవి) యూఎస్‌బీ 3 రకానికి చార్జింగ్ రంధ్రం ఉంది, అంతకుముందు వచ్చిన మామూలుదానికి లేదు. కొనేటప్పుడు ఫొటోలో రంధ్రాలు లెక్కపెట్టుకోండి.

మూడో_ఆక్టేవ్
ఐఫోన్ 15 నుంచి టైప్-సి కదా, అది బయటికి 4.5 వాట్స్ దాకా ఇస్తుంది. ఒక చిన్న ఇంటర్‌ఫేస్ ఒక్కటే అయితే హబ్ లేకుండానే నడుస్తుంది. బ్యాటరీ మాత్రం చూస్తుండగానే కరిగిపోతుంది.

రాత్రి_రికార్డింగ్
బాబాయ్ చెప్పిన పద్ధతే నాదీ. ఒక్క హెచ్చరిక. పాట మధ్యలో చార్జరు పీకొద్దు, పెట్టొద్దు. చార్జరు ఉన్నంతసేపు హబ్ ట్యాబ్‌కి కరెంటు ఇస్తుంది. పీకగానే పాత్రలు తారుమారు, ట్యాబే హబ్‌కి ఇవ్వాలి. ఆ మార్పిడిలో చాలా హబ్‌లు ఒక్క క్షణం పడిపోయి లేస్తాయి. వెనక పెద్ద హబ్‌కి సొంత కరెంటు ఉంటే ఇంటర్‌ఫేస్ దీపం ఆరదు, కానీ ట్యాబ్‌తో లింకు తెగి మళ్లీ కలుస్తుంది. ఆడియో యాప్‌కి ఆ క్షణం చాలు, మొహం తిప్పుకోవడానికి. కొనగానే ఇంట్లో మొదట చెయ్యాల్సిన పరీక్ష ఇదే. ఏదైనా వాయిస్తూ చార్జరు పీకి చూడండి.

తాళం_తప్పినోడు
ఇప్పుడే చేశా. అదే. అచ్చంగా అదే! ఆ రోజు రెండో చరణంలో మా డ్రమ్మర్ కాలు చార్జరు వైరుకి తగిలిందని ఇప్పుడు ఒప్పుకుంటున్నాడు.

బేస్_బావ
డ్రమ్మర్లని మించిన స్ట్రెస్ టెస్ట్ ఉందా.

కొత్త_కంచు
నా హబ్‌కి హెడ్‌ఫోన్ జాక్, హెచ్‌డీఎంఐ కూడా ఉన్నాయి. ఇంటర్‌ఫేస్ కలిపినా సౌండు దాంట్లోంచి రావట్లేదు. ఇదీ కరెంటు సమస్యేనా?

శృతిపెట్టె
కాదు. హబ్ మీదున్న ఆ హెడ్‌ఫోన్ జాక్ కూడా ఒక సౌండ్ కార్డే. ట్యాబ్ సాధారణంగా చివరగా కలిపిన ఆడియో వస్తువు వైపు మొగ్గుతుంది. నీ హబ్ లేచి కూర్చునేసరికి దాని జాకే పెద్దమనిషి అయిపోతోంది. ముందు హబ్ కలిపి, అది కుదురుకున్నాక ఇంటర్‌ఫేస్ పెట్టి చూడు. సంగీతానికి కొనే హబ్‌లో జాక్, హెచ్‌డీఎంఐ, కార్డ్ రీడర్ లాంటి నగలు ఎంత తక్కువుంటే అంత మంచిది.

కొత్త_కంచు
పని చేసింది. రెండు వారాల టెన్షన్. థాంక్స్.

పాత_కేబుల్
ఇంకో జబ్బు కూడా చూసుకోండి, ఎదురు కరెంటు. కొన్ని నాసి హబ్‌లు అడాప్టరు కరెంటుని కంప్యూటర్ వైపు కూడా తోస్తాయి. అడాప్టరు పెట్టి, ట్యాబ్ వైపు వెళ్లే ప్లగ్గుని దేనికీ కలపకుండా వదిలి, దాని కొసన మల్టీమీటరు పెట్టండి. అక్కడ 5 వోల్టులు కనిపించకూడదు. కనిపిస్తే ఆ హబ్‌ని ఫోన్‌కి తగిలించకండి.

వైర్ల_పుట్ట
నాదొకటి అలా ఉండేది. చార్జరు లేకుండా ఫోన్ చార్జ్ అవుతోందని సంబరపడ్డా 🤦

తాళం_తప్పినోడు
అప్‌డేట్. యూఎస్‌బీ మీటరు ఒకటి అరువు తెచ్చి కొలిచాను. ఇంటర్‌ఫేస్ 410 మిల్లీ ఆంప్స్, ఫాంటమ్ వేస్తే 490. కీబోర్డు 90. ప్యాడ్ లైట్లు ఫుల్లుగా ఉంటే 310. మొత్తం 890. నాలుగు పోర్టుల హబ్, 5 వోల్టులు 3 ఆంప్స్ అడాప్టరుది తీసుకున్నా. పాత పీడీది ముందు, ఇది వెనక. ఫాంటమ్ వేసి రెండు గంటలు వదిలేశా, దీపం కదల్లేదు.

కానీ ఇప్పుడు స్పీకర్లలో గుయ్‌మని సన్నటి రొద. ఇంతకుముందు ఇంత లేదు. హబ్ అడాప్టరు పీకితే ఆగుతుంది. ఒక భూతాన్ని తరిమితే ఇంకోటి.

ఓల్టు_బాబాయ్
గ్రౌండ్ లూప్ (రెండు వస్తువుల ఎర్త్‌లు కలిసి చుట్టు కట్టడం) అయి ఉంటుంది, లేదా అడాప్టరు లోపల్నించి వచ్చే స్విచింగ్ రొద. మిక్సరు వేరే సాకెట్‌లో, నీ అడాప్టరు ఇంకో సాకెట్‌లో ఉంటే ముందు రెండిటినీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకి తెచ్చి చూడు. ఇంటర్‌ఫేస్ నుంచి బ్యాలెన్స్‌డ్ వైర్లు (దారిలో దూరిన రొదని కొట్టేసేవి) వాడు. అయినా పోకపోతే ఇంటర్‌ఫేస్‌కీ మిక్సరుకీ మధ్య ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న డీఐ బాక్సు (సౌండుని పంపి, ఎర్త్ లింకుని తెంపే డబ్బా). ఒక్క మాట, ఎర్త్ పిన్ను మాత్రం విరిచెయ్యకు. రొద పోతుంది, మనిషి కూడా పోవచ్చు.

బేస్_బావ
రెండు వైపుల కరెంటునీ విడదీసే యూఎస్‌బీ ఐసొలేటర్ అని దొరుకుతుంది కదా, అది పెడితే?

డేటా_దాసు
చూసి కొనాలి. చవకగా దొరికేవి ఎక్కువగా 12 మెగాబిట్లకే. 480 వేగం కావాల్సిన ఇంటర్‌ఫేస్ దాని వెనక సరిగ్గా నడవదు. పైగా వాటి అవతలి వైపు వచ్చే కరెంటు కూడా తక్కువే, మళ్లీ మొదటికే వస్తావు. 480 వేగంవీ ఉన్నాయి, ధర వేరు. రొద ఆడియో వైపే ఆపడం తేలిక.

రాత్రి_రికార్డింగ్
లేకపోతే గోడనే వదిలెయ్. నీ హబ్ 5 వోల్టులది కదా, పవర్ బ్యాంకుతో నడుపు. యూఎస్‌బీ నుంచి గుండ్రటి పిన్నుకి మారే వైరు కావాలి. పిన్ను సైజు, లోపల ప్లస్సా మైనస్సా హబ్ మీద బొమ్మ చూసి మరీ కొను. 10,000 ఎంఏహెచ్ బ్యాంకు అంటే 3.7 వోల్టుల లెక్కన 37 వాట్ అవర్లు. నష్టాలు పోను 31 అనుకో. నీ 890కి హబ్ సొంత తిండి కలిపి 5 వాట్స్ అనుకున్నా ఆరు గంటలు. గోడతో సంబంధం తెగితే ఆ లూపూ తెగుతుంది.

పాత_కేబుల్
12 వోల్టుల అడాప్టరు హబ్‌లకి ఇది కుదరదు. కావాల్సిన వోల్టులు బ్యాంకుని అడిగే పీడీ ట్రిగ్గర్ వైర్లు ఉన్నాయి గానీ, పీడీలో మామూలుగా వచ్చే మెట్లు 5, 9, 15, 20. 12 ఇస్తుందా లేదా అన్నది ఆ బ్యాంకు దయ. మొబైల్ సెటప్ అనుకుంటే మొదటే 5 వోల్టుల హబ్ కొనాలి.

కీస్_కుమారి
కీబోర్డు ఒక్కటే పెడితే కొన్ని పవర్ బ్యాంకులు "ఎవరూ లేరు" అనుకుని వాటంతట అవే ఆగిపోతాయి. తాళం గారికి ఆ బెంగ లేదు, ఆ ప్యాడ్ ఒక్కటే దాన్ని నిద్ర పోనివ్వదు.

సన్న_పిన్ను
ఆండ్రాయిడ్ వాళ్ల గురించి ఎవరూ మాట్లాడరేం?

శృతిపెట్టె
హబ్ కరెంటు సంగతి ఇదే. మిడి సపోర్ట్ ఆండ్రాయిడ్ 6 నుంచి వ్యవస్థలోనే ఉంది. ఓటీజీ (ఫోన్‌కి యూఎస్‌బీ వస్తువులు తగిలించడం) వాడుతూ చార్జ్ కూడా అవుతుందా అన్నది మాత్రం ఫోన్‌ని బట్టి. పాత మైక్రో యూఎస్‌బీ ఫోన్లలో చాలావరకు కుదరదు. టైప్-సి అయినా నీ ఫోన్ మీద నువ్వే పెట్టి చూసుకోవాలి, వెనక్కి ఇచ్చే వీలున్న చోట కొను.

తాళం_తప్పినోడు
నిన్న షో అయింది. పవర్ బ్యాంకు మీద హబ్, ట్యాబ్ ఫుల్ చార్జ్‌తో, చార్జరు సంచిలోంచి తియ్యనే లేదు. రెండు గంటల పది నిమిషాలు. రొద లేదు, ఒక్క దీపం ఆరలేదు. ట్యాబ్ 38 శాతం మిగిలింది. మధ్యలో పవర్ బ్యాంకు స్టాండు మీంచి జారి వైరుకి వేలాడింది, అయినా తెగలేదు. వచ్చేసారికి వెల్క్రో పట్టీ.

షో అయ్యాక ఒకాయన వచ్చి, క్రితంసారి రెండో చరణంలో వచ్చిన ఆ సన్నటి సౌండు ఈసారి ఎందుకు పెట్టలేదని అడిగాడు.

శృతిపెట్టె
😂😂 దాన్ని సాంపుల్ చేసి ప్యాడ్ మీద పెట్టుకో.

తాళం_తప్పినోడు
పెట్టేశా. ఎర్ర లైటు ప్యాడ్.

వైర్ల_పుట్ట
లైట్లు తగ్గించావా లేదా?

తాళం_తప్పినోడు
సగానికి తగ్గించా అన్నా. ప్యాడ్ ఇప్పుడు 170.